ఈ రోజు నిప్పు పెట్టొద్దు



ఎండకాలం వస్తుందంటే ఎండ గురించి, తాగునీళ్ల గురించి, కరెంటు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నిప్పు గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకని ఈ కాసేపు నిప్పు గురించే మాట్లాడతాను. పొయ్యిలో నిప్పు కాదు. ఆరుబయట మనమే అంటించి, మనమే వదిలేసి ఇంటికి వచ్చే నిప్పు.

మద్నూర్ నుంచి మొదలుపెడదాం. కామారెడ్డి జిల్లాకు ఇది పడమటి అంచు. సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర. జుక్కల్ మీదుగా పోతే కర్ణాటక. 1956లో రాష్ట్రాల సరిహద్దులు మారేదాకా బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉండేవి. అందుకే ఇప్పటికీ ఇక్కడ ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష వినిపిస్తాయి. నేల నల్లరేగడి. పత్తి, సోయా, కంది, శనగ, జొన్న. చూపు ఆనినంత మేర చేనే తప్ప అడవి పెద్దగా కనిపించదు. అడవి చూడాలంటే తూర్పుకు పోవాలి. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, మాచారెడ్డి వైపు టేకు, మోదుగ, ఇప్ప, తునికి, నల్లమద్ది ఉన్న గుట్టలు ఉన్నాయి.

అడవే లేని ఊరికి అడవి మంటల ముచ్చట ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఎందుకంటే మన దగ్గర అడవిలో మంట చాలాసార్లు అడవిలో పుట్టదు. చేనులో పుడుతుంది, గట్టు మీద పుడుతుంది, రోడ్డు పక్క ఎండుగడ్డిలో పుడుతుంది. అక్కడి నుంచి గాలి ఎటు తీసుకుపోతే అటు పోతుంది. మద్నూర్ చేనుకూ ఎల్లారెడ్డి గుట్టకూ మధ్య చాలా దూరం ఉంది, నిజమే. కానీ రెండుచోట్లా నిప్పు పెట్టే చెయ్యి ఒకే రకం చెయ్యి, పెట్టే వేళ కూడా ఒకటే.

ముందు చేను సంగతి చూద్దాం. పత్తి ఏరడం అయిపోయాక ఛాతీ ఎత్తు కట్టె మిగులుతుంది. ఒకప్పుడు అది వంటచెరుకు. గ్యాసు బండలు వచ్చాక దాన్ని ఇంటికి మోసుకుపోయే అవసరమూ తగ్గింది, ఓపికా తగ్గింది. పీకి, కుప్పలు వేసి, అంటిస్తారు. ఇక్కడ రైతును తిట్టడం తేలిక. కానీ ఆ కట్టెను చేనులో ఉంచవద్దని చెప్పింది వ్యవసాయ శాస్త్రవేత్తలే. గులాబీ రంగు పురుగు విప్పని కాయల్లో దాక్కుని మరుసటి పంట మీద పడుతుంది కాబట్టి పత్తిని వేసవిలోకి సాగదీయవద్దు, కట్టెను తొందరగా తీసేయండి అన్నారు. ముక్కలు చేసి భూమిలో కలపమన్నారు. ముక్కలు చెయ్యాలంటే ట్రాక్టరుకు తగిలించే ష్రెడ్డర్ కావాలి. అది ఊళ్లో ఉండదు, ఉన్న ఊళ్లో వరుస దొరకదు, దొరికితే కిరాయి అయ్యో అనిపిస్తుంది. అగ్గిపెట్టె రెండు రూపాయలు. ఈ లెక్క పక్కన పెట్టి రైతుకు నీతి చెబితే ఆయన తల ఊపి, మనం పోయాక అంటిస్తాడు. తప్పు పూర్తిగా ఆయనది కూడా కాదు.

వరి సంగతి వేరు. నిజాంసాగర్ 1931లో పూర్తయిన ప్రాజెక్టు. దాని ఆయకట్టులో, అంటే బాన్సువాడ, బీర్కూర్, బోధన్ వైపు, రెండు పంటలూ వరే. కూలీలు కోసినప్పుడు నేలబారుగా కోసేవాళ్లు, గడ్డి వాముకు పోయేది. కోత మిషన్ వచ్చాక మోకాటి కింద దాకా కొయ్యలు నిలబడి ఉంటాయి, గడ్డి చేనంతా చెల్లాచెదురుగా పడి ఉంటుంది. యాసంగి కోతకూ వానకాలం నారుకూ నడుమ నెలన్నర కూడా సరిగ్గా ఉండదు. దున్నితే కొయ్యలు నాగలికి చుట్టుకుంటాయి. అంటిస్తే ఒక్క మధ్యాహ్నంలో చేను నల్లగా, నున్నగా అవుతుంది. అవుతుంది, కానీ ఏం పోయిందో చూడండి. ఒక టన్ను వరిగడ్డి కాలితే దాదాపు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, కిలోకు పైగా గంధకం పంటకు దక్కకుండా పోతాయని శాస్త్రవేత్తల లెక్క. ఎకరా యాసంగి వరిలో రెండు టన్నులకు తక్కువ గడ్డి ఉండదు. అంటే మనం సొసైటీ దగ్గర క్యూ కట్టి తెచ్చుకునే బస్తాలో ఉండే సరుకే పొగలో కలిసిపోతోంది. పైపొర మట్టిలో ఉండే సూక్ష్మజీవులు, వానపాములు వేరే లెక్క.

ఇది కూడా రైతుకు తెలియనిది కాదు. అందుకే నష్టం గురించి ఇంకొక మాట చెబుతాను. కాలేది తన చేను ఒక్కటే అయితే అది ఆయన ఇష్టం అనుకోవచ్చు. కానీ కాలేది గట్టు మీది తాటిచెట్టు, ఈతచెట్టు. వాటి మీద బతికే గౌండ్ల కుటుంబానికి ఒక్క మంట అంటే కొన్నేళ్ల కల్లు పోయినట్టే. కాలేది పక్క చేనులోని డ్రిప్పు పైపు, బోరు దగ్గరి స్టార్టర్ డబ్బా, కళ్లంలో వేసిన గడ్డివాము. రోడ్డు పక్కన 2015 నుంచి హరితహారం పేరుతో పెట్టిన మొక్కలు వరుసలు వరుసలుగా మాడిపోయి ఉంటే, నీళ్లు పోయక ఎండినవి ఎన్ని, గడ్డి మంటకు కాలినవి ఎన్ని అని ఎవరూ విడదీసి చూడరు. 2018 పంచాయతీరాజ్ చట్టం మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత పంచాయతీల మీద పెట్టింది. మొక్కలు బతకకపోతే నోటీసు వస్తుంది. గట్టుకు నిప్పు పెట్టినవాడికి ఏ నోటీసూ రాదు.

వీటన్నిటికంటే ముందు చెప్పవలసింది ప్రాణాల సంగతి. ప్రతి వేసవిలోనూ పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. కొయ్యలకు నిప్పు పెట్టిన వృద్ధ రైతు, పక్క చేనుకు అంటుకుంటుందేమోనని ఆర్పబోయి, పొగలో దారి తోచక పడిపోయాడని. అరవై ఏళ్లు దాటిన మనిషి, ఒక్కడే, మిట్టమధ్యాహ్నం. చేతిలో వేపకొమ్మ తప్ప ఇంకేమీ ఉండదు. ఈ వార్త మళ్లీ మళ్లీ వస్తున్నా మనం చదివి పేజీ తిప్పుతున్నాం. ఇంట్లో ముసలివాళ్లను ఒంటరిగా చేను కాల్చడానికి పంపడం ఆపేస్తే చాలు, ఈ ప్రసంగం మిగతా అంతా మర్చిపోయినా నాకు బాధ లేదు.

ఇక అడవి. మన జిల్లా అడవులు ఆకురాల్చే అడవులు. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి టేకు ఆకు రాలి నేలంతా పరుచుకుంటుంది. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు పటపటమంటుంది. ఇక్కడి మంట సినిమాల్లో చూపించినట్టు చెట్ల కొసల మీద ఎగిరే మంట కాదు, నేలబారున పాకే మంట. పెద్ద టేకు చెట్టుకు బెరడు కాలి మచ్చ పడుతుంది, చెట్టు బతుకుతుంది. అందుకే దూరం నుంచి చూసినవాళ్లకు ఏమీ కాలేదనిపిస్తుంది. పోయేది నిన్నా మొన్నా మొలిచిన మొక్క, నేల మీద గుడ్లు పెట్టిన నెమలి, పొదలో పడుకున్న కుందేలు. ఏటేటా ఇలాగే కాలితే పాతచెట్లు ఉంటాయి, వాటి తర్వాత వచ్చేవి ఉండవు. పిల్లలు లేని ఊరు ఎన్నాళ్లు ఊరుగా ఉంటుంది?

అడవికి ఎవరు నిప్పు పెడతారంటే, పగతో పెట్టేవాళ్లు చాలా తక్కువ. ఇప్పపూలు రాలే కాలంలో చెట్టు కింద ఎండుటాకులు ఉంటే పువ్వు కనిపించదు. ఊడ్చే బదులు అంటిస్తారు. చిగురు బాగా వస్తుందని బీడీ ఆకు కోసం తునికి పొదలను కాలుస్తారు. వాన పడగానే పచ్చగడ్డి వస్తుందని కొందరు కాపరులు గుట్టకు నిప్పు పెడతారు. ఇంకా, బండి ఆపి బీడీ ముక్క విసిరేసి పోయేవాళ్లు. వీళ్లెవరికీ అడవిని కాల్చాలని ఉండదు. కొంచెమే కాలుద్దామనుకుంటారు.

కనిపెట్టే ఏర్పాటు లేక కాదు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలతో మంటలను పసిగడుతుంది. మోడిస్ అనే పరికరం కిలోమీటరు చదరాన్ని ఒక చుక్కగా చూస్తుంది, తర్వాత వచ్చిన వీర్స్ 375 మీటర్ల చదరాన్ని చూస్తుంది. మంట కనిపిస్తే ఆ బీటు చూసే అటవీ సిబ్బంది ఫోనుకు మెసేజి వస్తుంది. పేరు నమోదు చేసుకుంటే మామూలు జనం కూడా ఈ మెసేజీలు తెప్పించుకోవచ్చు. దేశంలోని అటవీ విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచూ మంటలు వచ్చే అవకాశం ఉన్నదేనని అదే సంస్థ 2019లో చెప్పింది. అయితే ఈ మెసేజీలు అడవి హద్దు లోపలి మంటలకే. పంట వ్యర్థాల మంటలను పంజాబ్, హర్యానా వంటి ఉత్తరాది రాష్ట్రాల్లో ఢిల్లీ శాస్త్రవేత్తలు రోజూ లెక్కపెడతారు, ఎందుకంటే ఆ పొగ ఢిల్లీకి పోతుంది. మన పొగ మన ఊళ్లోనే ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ లెక్కపెట్టరు!

చట్టాలకూ కొదువ లేదు. రిజర్వు అడవికి నిప్పు పెట్టడం, ప్రమాదం కలిగేలా నిప్పు వదిలేసి పోవడం 1967 నాటి మన అటవీ చట్టం ప్రకారం నేరం. మెదక్, కామారెడ్డి జిల్లాల్లో పరుచుకున్న పోచారం అభయారణ్యం లాంటి చోట్ల 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ అదే మాట చెబుతుంది. బహిరంగ ప్రదేశంలో చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, భారీగా కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటికీ చెప్పింది. నిప్పుతో నిర్లక్ష్యంగా ఉండి మనుషుల ప్రాణం మీదికి తెస్తే కొత్త భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ఇన్ని ఉన్నాయి. అయినా ఏప్రిల్ నెలలో సాయంత్రం పూట జాతీయ రహదారి మీద దెగ్లూర్ నుంచి పిట్లం దాకా వస్తే రెండు పక్కలా ఎన్ని పొగలు లేస్తుంటాయో మీకు తెలుసు.

లోపం ఎక్కడుందంటే, చట్టం ఎప్పుడూ వద్దు అంటుంది. ఎప్పుడూ వద్దన్నదాన్ని ఎవరూ ఏ రోజూ పట్టించుకోరు. రైతుకు కావలసింది వేరే మాట. ఈ రోజు వద్దు, ఈ వేళలో వద్దు, ఈ గట్టు పక్కన వద్దు. ఆ మాట చెప్పేవాళ్లు మనకు లేరు.

మన పిల్లలు చాలామంది ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో ఉన్నారు. వాళ్లను అడగండి. అక్కడి విక్టోరియా రాష్ట్రంలో ఎండకాలంలో గాలి, వేడి, తేమ చూసి ఫలానా రోజు ఫలానా జిల్లాలో పూర్తి నిప్పు నిషేధం అని ప్రకటిస్తారు. ఆ రోజంతా, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా, ఆరుబయట చలిమంట కూడా వేయకూడదు. రోడ్డు పక్క బోర్డుల మీద ప్రమాదం ఎంత ఉందో నాలుగు మెట్లుగా చూపిస్తారు. 2022 సెప్టెంబరు నుంచి దేశమంతా ఒకే రకం బోర్డు. అది ఊరికే రాలేదు. 1939 జనవరి 13న అక్కడ అడవులు కాలి 71 మంది చనిపోయారు. విచారణ చేసిన న్యాయమూర్తి స్ట్రెటన్ ఆ మంటలు మనుషులు పెట్టినవేనని తేల్చారు. ఆ తర్వాత ఆరేళ్లకు పల్లెల కోసం ప్రత్యేకంగా అగ్నిమాపక సంస్థ ఏర్పడింది. అయినా 2009 ఫిబ్రవరి 7న మళ్లీ 173 మంది పోయారు. అంటే నిషేధం పెట్టిన చోట కూడా అగ్ని ఊరుకోదు, కానీ నిషేధం ఏ రోజో అందరికీ తెలుసు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లూ ఇదే చెబుతారు. తోటలో ఆకులు కాల్చుకోవాలన్నా ఈ రోజు కాల్చవచ్చునా అని ముందు కనుక్కోవాలి.

వాళ్ల మంటల తీరు వేరు, మన మంటల తీరు వేరు. యూకలిప్టస్ నూనె చెట్ల అడవికి పనికొచ్చిన నియమం యథాతథంగా టేకు అడవికీ పత్తి చేనుకూ పనికిరాదు. తీసుకోవలసింది ఒక్కటే, రోజును బట్టి, వేళను బట్టి చెప్పే పద్ధతి.

ఆ పద్ధతి మనకు బొత్తిగా కొత్త కూడా కాదు. కాముని దహనం చూడండి. చోటు పెద్దలు నిర్ణయిస్తారు. ఇళ్లకు, గడ్డివాములకు దూరంగా. వేళ రాత్రి, అంటే గాలి సద్దుమణిగాక. చుట్టూ ఊరంతా నిలబడి ఉంటుంది. తెల్లారి బూడిద తీసుకుపోయేదాకా ఎవరో ఒకరు అటు చూస్తూనే ఉంటారు. ఆ మంటకు ఊరు కాలిందని ఎప్పుడూ వినం. చేనులో పెట్టే నిప్పుకు చోటు లేదు, వేళ లేదు, కాపలా లేదు. అటవీ శాఖ కూడా కాముని దహనం పద్ధతినే పాటిస్తుంది. ఎండలు ముదరకముందే, ఉదయం చల్లని పూట, అడవి మధ్య బాటలలా ఆకు ఊడ్చి, గడ్డి కాల్చి ఫైర్ లైన్లు తీస్తారు. నిప్పును ఆపడానికి నిప్పునే వాడతారు, వేళ చూసి.

ఇప్పుడు నేను అడిగేది ఇది. ప్రతి మండలంలో తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ వాళ్ల వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. ఎండ ఎంత, తేమ ఎంత, గాలి ఎంత అన్నది లెక్క తీస్తూనే ఉంటాయి. ఆ అంకెలు ఇప్పుడు 43 డిగ్రీలు దాటిందని పేపర్లో వేయడానికి మాత్రమే పనికొస్తున్నాయి. మండల వ్యవసాయ అధికారి ఆ అంకెలు చూసి, రేపు గాలి ఎక్కువ, రేపు నిప్పు వద్దు అని పంచాయతీ కార్యదర్శుల వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం పెట్టడానికి నిమిషం పట్టదు. సాయంత్రం ఊళ్లో డప్పు చాటింపు వేయించాలి. మద్నూర్‌లో అయితే తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి. ఏ భాషలో చాటినా డప్పు మోగితే జనం తల తిప్పి వింటారు, అది ఫోనులో మెసేజికి లేని గుణం.

ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా ఉదయం పది దాటాక సూర్యాస్తమయం దాకా చేనులో నిప్పు అనేదే ఉండకూడదని గ్రామసభలో తీర్మానం చేయాలి. అడవి అంచున ఉన్న ఊళ్లలో, రోడ్డు మొక్కల పక్కన, కరెంటు తీగల కింద ఏ వేళా వద్దు. తప్పనిసరై కాల్చేవాళ్లు ముందురోజు పంచాయతీలో చెప్పాలి, పక్క చేను రైతుకు చెప్పాలి, చుట్టూ నాలుగు సాళ్లు దున్నాలి. పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టరు, ట్యాంకరు వచ్చాయి. ట్యాంకరు నీళ్లతో దగ్గర నిలబడ్డాకే అగ్గిపుల్ల గీయాలి. నిప్పు ఆరిందనుకుని ఇంటికి పోవద్దు. పొద్దున పెట్టిన నిప్పు బూడిద కింద ఉండి, మధ్యాహ్నం గాలికి మళ్లీ లేస్తుంది. తెలియక జరిగే ప్రమాదాలు కొన్ని ఇలాగే వస్తాయి.

కాల్చకుండా ఉండే దారి చూపించకుండా వేళలు మాత్రం చెబితే అన్యాయం. వరి కొయ్యల మీద ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నీళ్లు పెట్టి దమ్ము చేస్తే కొయ్యలు మురిగి ఎరువవుతాయని వ్యవసాయ అధికారులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. చేసినవాళ్లు మళ్లీ అగ్గిపెట్టె జోలికి పోరు. గడ్డిని కట్టలు కట్టే బేలర్లు వచ్చాయి, పాడి ఉన్నవాళ్లు కొంటున్నారు. పత్తి కట్టెకు మాత్రం ష్రెడ్డర్ కావాలి. ఊరికి ఒకటి కాకపోయినా నాలుగైదు ఊళ్లకు ఒకటి, సొసైటీ చేతిలో, కిరాయి ఖరారు చేసి పెడితే సగం పొగ ఆగుతుంది. ఇది ప్రభుత్వం చేయవలసిన పని, రైతు చేయగలిగేది కాదు. ఇప్పచెట్ల కింద ఊడ్చే చీపురుకు, పరిచే పాత చీరకు ఎవరి సబ్సిడీ అక్కర్లేదు.

పత్తి అన్నాక ఇంకొక విషయం చెప్పాలి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు. ఆ తేదీ ఎందుకో చాలామందికి తెలియదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడకు నిప్పంటుకుంది. ఓడలో పేలుడు పదార్థాలు ఉన్నాయి, వాటికి తోడు పత్తి బేళ్లు ఉన్నాయి. పత్తి లోలోపల కాలుతూ పోయింది, పేలుడు పదార్థాలకు అంటుకుంది. ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. పత్తి జిన్నింగు మిల్లులు, పత్తి కొనుగోళ్లు ఉన్న మద్నూర్ లాంటి చోటికి ఈ కథ దూరం కాదు. నిప్పంటుకున్న పత్తి బేలు పైకి చల్లగా కనిపిస్తూ లోపల కాలుతుంటుంది. మిల్లు ఆవరణ పక్కన చెత్త కాల్చేవాళ్లు, లారీ దగ్గర బీడీ వెలిగించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సర్పంచులకు, కార్యదర్శులకు నా విన్నపం. ఎండలు ముదరకముందే గ్రామసభ పెట్టి వేళలు నిర్ణయించండి, వాటిని పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. సరిహద్దు ఊళ్లవాళ్లు దెగ్లూర్ వైపు ఊళ్ల పెద్దలతో కూడా మాట్లాడండి, గాలికి చెక్‌పోస్టు లేదు. మిగిలిన మనందరికీ ఒకటే పని. ఎక్కడైనా కాపలా లేని మంట కనిపిస్తే, అది మన చేను కాకపోయినా, మన జిల్లా కాకపోయినా, వెంటనే 101కి గానీ 112కి గానీ ఫోను చేయండి. ఊరి పేరు, దగ్గరి గుడో, చెరువో, స్తంభం నంబరో చెప్పండి. ఫోను చేసినందుకు ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు.